వోల్టేజీ తగ్గితే ఆంపియర్లు కూడా తగ్గాలి కదా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాలుగెకరాల బత్తాయి తోటకు ఒకటే బోరు. 5 హెచ్‌పీ మోటరు 400 అడుగుల లోతున ఉంది. ఈ యాసంగిలో రెండుసార్లు కాలింది. వైండింగ్ చేసే అన్న ‘వోల్టేజీ తక్కువుంది, అందుకే ఆంపియర్లు ఎక్కువ గుంజి కాలుతున్నది’ అన్నాడు. నా పుస్తకంలో మాత్రం వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తగ్గుతుందని ఉంది. నాయిన మళ్లీ అప్పు తెచ్చి మోటరు దించాడు. నిన్న స్టార్టర్ డబ్బా మీది మీటర్లు చూశాను. మోటరు ఆపి ఉన్నప్పుడు 400 వోల్టులు. నడుస్తున్నప్పుడు 352 వోల్టులు, 11.5 ఆంపియర్లు. మోటరు రేకు మీద 415 వోల్టులు, 9 ఆంపియర్లు అని ఉంది. మోటరు పైన ఉన్నప్పుడు మల్టీమీటరుతో రెండు వైర్ల మధ్య చూస్తే 5 ఓములు వచ్చింది. 352ను 5తో భాగిస్తే 70 ఆంపియర్లు రావాలి కదా? ఇంట్లో పాత 100 వాట్ల బల్బు కూడా అంతే. లెక్కకు 529 ఓములు వస్తుంది, మీటరుకు 40 ఓములే. స్తంభం నుంచి డబ్బా దాకా 400 మీటర్లు 4 ఎంఎం అల్యూమినియం వైరు, డబ్బా నుంచి బోరులోకి 2.5 ఎంఎం రాగి కేబుల్ ఉన్నాయి. వోల్టులు, ఆంపియర్లు తెలిస్తే ఓములు, వాట్లు ఎట్లా కట్టాలి? పుస్తకం తప్పా, అన్న తప్పా?

సమాధానం:

బిడ్డా, లెక్కలోకి పోయే ముందు ఒక మాట. నీ అంకెల్లో నన్ను భయపెట్టింది 352 కాదు, 11.5. రేకు మీద 9 ఆంపియర్లు అని ఉన్న మోటరు 11.5 గుంజుతూ ఆగకుండా నడుస్తున్నదంటే డబ్బాలోని ఓవర్‌లోడ్ రిలే పని చేయడం లేదన్నమాట. అది కాసేపట్లోనే మోటరును ఆపేయాలి. నల్లగొండలో ఇరవై ఏళ్లు వైండింగ్ షాపు నడిపిన అనుభవంతో చెబుతున్నా. మోటరు మాటిమాటికీ కట్ అవుతుంటే, అటు తోట ఎండుతుంటే, ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పెట్టి రిలే మీది చిన్న చక్రాన్ని 9 నుంచి 13కో 14కో తిప్పుతారు. ఆ రోజుకు నీళ్లు పారతాయి. పదిహేను రోజులకు మోటరు షాపుకు వస్తుంది. కాలిన మోటరు తెచ్చిన రైతు బాయి కాడికి పోయినప్పుడల్లా నేను ముందు చూసేది ఆ చక్రాన్నే. ఈ ఉత్తరం అందిన రోజే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో సప్లై ఆపించి, డబ్బా తెరిపించి, దాన్ని 9 మీద పెట్టించండి. మోటరు కట్ అవుతుంది, నాయిన విసుక్కుంటాడు. అయినా అట్లాగే ఉంచండి. ఎందుకో కింద అర్థమవుతుంది.

నీ ప్రశ్నకు వస్తాను. పుస్తకం తప్పు కాదు, వైండింగ్ అన్న కూడా తప్పు కాదు. ఇద్దరూ వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు.

ఈ గందరగోళంలో మన వాడుక మాటకు కూడా వాటా ఉంది. ‘కరెంటు పోయింది’ అంటాం, నిజానికి పోయింది వోల్టేజీ. ‘కరెంటు తక్కువుంది, ఫ్యాను తిరుగుత లేదు’ అన్నా వోల్టేజీయే. ‘కరెంటు బిల్లు ఎక్కువొచ్చింది’ అన్నప్పుడు అది యూనిట్లు, అంటే వాట్లను గంటలతో హెచ్చవేస్తే వచ్చేది. ‘మోటరు కరెంటు ఎక్కువ గుంజుతున్నది’ అన్నప్పుడు మాత్రమే మనం నిజంగా ఆంపియర్ల గురించి మాట్లాడుతున్నాం. ఒక్క మాట ఇన్ని పనులు చేస్తుంటే లెక్కలో కూర్చున్న పిల్లలు తికమక పడరా? నా షాపులో పని నేర్చుకునే పిల్లలను మొదటి నెలంతా ‘కరెంటు’ అనే మాటే వాడనిచ్చేవాణ్ని కాదు. వోల్టులు అను, ఆంపియర్లు అను, వాట్లు అను. ఈ జవాబులో నేనూ అట్లాగే రాస్తాను.

ముందు తేలికైన వస్తువు, నీళ్లు కాచే రాడ్ తీసుకో. దాని మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని ఉంటుంది. నడుస్తున్నప్పుడు క్లాంప్ మీటరు, అదే మన ఎలక్ట్రీషియన్లు టాంగ్ టెస్టర్ అంటారే, అది ఒక వైరు చుట్టూ పెడితే 6.5 ఆంపియర్ల చుట్టూ చూపిస్తుంది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు: 230 ÷ 6.52 = 35.3. వోల్టులను ఆంపియర్లతో హెచ్చవేస్తే వాట్లు: 230 × 6.52 = 1500. మీ పుస్తకంలో నిరోధం, సామర్థ్యం అని ఉన్నవి ఇవే. సామర్థ్యానికి ఇంకో రెండు దారులున్నాయి. ఆంపియర్లను ఆంపియర్లతోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని ఓములతో హెచ్చవేయవచ్చు. లేదంటే వోల్టులను వోల్టులతో హెచ్చవేసి ఓములతో భాగించవచ్చు. రాడ్‌కు మూడు దారుల్లోనూ 1500 చుట్టే వస్తుంది, చిల్లర తేడా తప్ప. చేసి చూడు.

ఇప్పుడు ఊళ్లో వోల్టేజీ 180కి పడిందనుకో. రాడ్ లోపలి నిక్రోమ్ తీగ ఓములు వేడికి పెద్దగా మారవు. 180 ÷ 35.3 = 5.1 ఆంపియర్లు. 180 × 5.1 = 918 వాట్లు. వోల్టేజీ అయిదో వంతు పడితే వేడి అయిదింట రెండు వంతులు పోయింది. 15 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి 230 వోల్టుల్లో 14 నిమిషాలు పడితే, 180లో దాదాపు 23 నిమిషాలు పడుతుంది. యూనిట్లు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే, 0.35 చుట్టూ. లో వోల్టేజీలో బిల్లు తగ్గుతుందని అనుకునేవాళ్లు రాడ్ ఎంతసేపు పెడుతున్నారో చూసుకోవాలి. ఇక్కడ నీ పుస్తకం చెప్పినట్టే జరిగింది: వోల్టులు తగ్గాయి, ఆంపియర్లు తగ్గాయి.

అయితే పుస్తకంలోని ఆ వాక్యానికి ముందు ఒక షరతు ఉంటుంది: ‘ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు’ అని. పరీక్షకు చదివేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ నియమాన్ని 1827లో పుస్తకంగా అచ్చువేసిన గెయోర్గ్ ఓమ్ జర్మనీలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పిన పంతులు. ఆయనకు కూడా మొదట నిలకడైన వోల్టేజీ దొరకలేదు. ఆనాటి బ్యాటరీలు ప్రయోగం నడుస్తుండగానే పడిపోయేవి. అందుకని బిస్మత్, రాగి కడ్డీలు కలిపి, ఒక అతుకును మరుగుతున్న నీళ్లతో, ఇంకో అతుకును మంచుతో ఉంచి, ఆ వేడి తేడా నుంచి కదలని వోల్టేజీ పుట్టించుకున్నాడు. ఆ తర్వాతే ఆయన కొలతలు ఒక దారికి వచ్చాయి. లో వోల్టేజీ ఊళ్లో మీటరు పట్టుకుని నిలబడ్డ నీకు ఆయన అవస్థ అర్థమవుతుందని రాస్తున్నా.

నీ బల్బు ఆ షరతు తప్పిన వస్తువు. 100 ÷ 230 = 0.435 ఆంపియర్లు, 230 ÷ 0.435 = 529 ఓములు. నీ లెక్క సరిగ్గా ఉంది. కానీ అది వెలుగుతున్న బల్బు లెక్క. అప్పుడు లోపలి టంగ్‌స్టన్ తీగ దాదాపు 2500 డిగ్రీల వేడిలో ఉంటుంది. మల్టీమీటరు కొలిచింది చల్లటి తీగను. ఆ రెండు వేడిల మధ్య టంగ్‌స్టన్ ఓములు పదింతలకు పైగా పెరుగుతాయి. 40 నిజమే, 529 కూడా నిజమే. పాత బల్బులు వెలుగుతూ వెలుగుతూ కాకుండా స్విచ్ వేసిన క్షణంలోనే టప్పుమని పోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. చల్లటి తీగ గుండా మొదటి క్షణం 230 ÷ 40, అంటే 5 ఆంపియర్లకు పైగా దూకుతాయి.

ఇక మోటరు. ఇక్కడ కొంచెం నిదానంగా చదువు.

రాడ్‌కు నువ్వు ఎంత వోల్టేజీ ఇస్తే అంతే వేడి చేస్తుంది, అంతకు మించి దానికి పట్టింపు లేదు. మోటరు అట్లా కాదు. 400 అడుగుల కింద పంపు ఫ్యాన్లు నీళ్లను పైకి నెట్టాలి. ఆ నీళ్ల బరువు వోల్టేజీని బట్టి తగ్గదు. మీ తాతల కాలంలో మోట కొట్టేవాళ్లు. ఎద్దులు నీరసంగా ఉన్నాయని బొక్కెన బరువు తగ్గేదా? అవి కాళ్లు తన్నిపెట్టి, రొప్పుతూ అంతే బరువు లాగేవి. మోటరు కూడా అంతే. చేయాల్సిన పని అంతే ఉండి వోల్టులు తగ్గితే, ఆ తగ్గినది ఆంపియర్లలో పూడ్చుకుంటుంది. 415 వోల్టుల్లో 9 గుంజేది, 340 చుట్టూ ఉంటే 11 గుంజుతుంది. 9 × 415 ÷ 340 కట్టి చూడు. వైండింగ్ అన్న చెప్పింది ఇదే. ఆయన సూత్రం చదవకపోవచ్చు, కాలిన వైండింగ్ వాసన మాత్రం రోజూ చూస్తాడు.

మరి 5 ఓముల సంగతి? అది వైండింగ్‌లో ఉన్న రాగి తీగ నిరోధం మాత్రమే. మోటరు తిరగడం మొదలుపెట్టాక లోపల అయస్కాంత క్షేత్రం మారుతూ, వచ్చే వోల్టేజీకి ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. 352లో చాలా భాగాన్ని ఆ ఎదురు వోల్టేజీయే అడ్డుకుంటుంది. మిగిలిన కొంచెమే రాగి తీగ మీద పడుతుంది. అందుకే 352ను 5తో భాగించకూడదు. 352ను 11.5తో భాగించి వచ్చిన దాన్ని మోటరు నిరోధం అనడం కూడా సరికాదు. దానికి ఇంపెడెన్స్ అని వేరే పేరుంది. ఆకుపచ్చ బటన్ నొక్కిన మొదటి క్షణం మోటరు ఇంకా తిరగడం లేదు కాబట్టి ఆ ఎదురు బలం సరిగ్గా ఉండదు. అప్పుడు 9 ఆంపియర్ల మోటరు 45 నుంచి 60 దాకా గుంజుతుంది. డబ్బా మీది ఆంపియర్ ముల్లు ఒక్కసారి ఎగిరి కిందికి దిగడం నువ్వు చూసే ఉంటావు. బోరులో ఇసుక వచ్చి పంపు ఇరుక్కుంటే ఆ ముల్లు దిగదు. రిలే సరిగ్గా ఉంటే ఆపుతుంది, చక్రం 14 మీద ఉంటే ఆలస్యం చేస్తుంది.

ఇప్పుడు కాలడం లెక్క. వైండింగ్‌లో పుట్టే వేడి ఆంపియర్లను ఆంపియర్లతో హెచ్చవేసిన దాన్ని బట్టి ఉంటుంది. 11.5 ÷ 9 = 1.28. ఆంపియర్లు నూటికి 28 పెరిగాయి. కానీ 1.28 × 1.28 = 1.63. వేడి నూటికి 63 పెరిగింది! బోరు మోటరు వైండింగ్ తీగ మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది, నీళ్లలోనే పని చేస్తుంది. ఆ పూత వేడికి మెత్తబడి, ఒక చుట్టు ఇంకో చుట్టుకు తగిలితే మోటరు అయిపోయినట్టే. రిలేను 9 మీద పెట్టమన్నది ఈ 1.63 కోసం.

మోటరు వాట్లు కట్టేటప్పుడు వోల్టులు × ఆంపియర్లు అని ఊరుకోకూడదు. మూడు ఫేజులు కాబట్టి 1.732తో, పవర్ ఫ్యాక్టర్ కోసం ఇంకో అంకెతో హెచ్చవేయాలి. మోటరులో ఆంపియర్లు వోల్టేజీ కంటే కొంచెం వెనకబడి నడుస్తాయి. ఆ వెనకబాటు లెక్కే పవర్ ఫ్యాక్టర్. మీ మోటరుకు 0.8 అనుకుందాం. డబ్బా దగ్గర 1.732 × 352 × 11.5 × 0.8 = సుమారు 5,600 వాట్లు. ఒక హెచ్‌పీ 746 వాట్లు కాబట్టి 5 హెచ్‌పీ అంటే 3,730. మిగతాదంతా మోసమా అని అడగకు. రేకు మీది హెచ్‌పీ మోటరు ఇరుసు దగ్గర ఇచ్చేది. లోపలికి పోయేది ఎప్పుడూ అంతకంటే ఎక్కువే ఉంటుంది, మిగిలింది వేడిగా పోతుంది. కొంత కేబుల్‌లో పోతుంది, కొంత మోటరులో.

ఇక నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనవిగా కనిపించిన రెండు అంకెలకు వద్దాం: 400, 352. మోటరు ఆపితే 400 ఉంది, వేస్తే 352కు పడింది. ఆ 48 వోల్టులు ఎటు పోయాయి? వైండింగ్ అన్న ‘వోల్టేజీ తక్కువ’ అన్నప్పుడు మీరంతా ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూసి ఉంటారు. కానీ మోటరు ఆపి ఉన్నప్పుడు మీ డబ్బా దాకా 400 వస్తోంది. 415తో పోలిస్తే 15 మాత్రమే తక్కువ.

కట్టి చూద్దాం. 48ని మూడు ఫేజుల కోసం 1.732తో భాగిస్తే 27.7. వెనకబాటు కోసం 0.8తో భాగిస్తే 34.6. అంటే ఒక్కో వైరు పొడవునా 34.6 వోల్టులు ఖర్చవుతున్నాయి. 34.6 ÷ 11.5 = 3 ఓములు. ఇప్పుడు ఇంకో దారిలో సరిచూడు. 4 ఎంఎం అల్యూమినియం తీగకు కిలోమీటరుకు దాదాపు 7.4 ఓములు. (షాపుల్లో ఎంఎం అంటారు గానీ అది తీగ కోసిన ముఖం వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లు. మందం కాదు.) 400 మీటర్లకు 2.96 ఓములు. రెండు లెక్కలూ ఒకే చోటికి వచ్చాయి! నువ్వు డబ్బా దగ్గర నిలబడి రెండు మీటర్లు చూసి రాసిన అంకెలు, పొలం గట్ల వెంట పాకిన మీ నాయిన వైరు నిరోధాన్ని కచ్చితంగా పట్టుకున్నాయి. ఆ 48 వోల్టులను మింగుతున్నది ట్రాన్స్‌ఫార్మర్ కాదు. దాదాపు అంతా మీ సొంత వైరే.

ఆ తీగలో వేడి ఎంత? 11.5 × 11.5 × 3 = 397 వాట్లు. మూడు తీగలకు దాదాపు 1,190 వాట్లు. ఒకటిన్నర హెచ్‌పీ పైనే. మీ తోట గట్టు మీద పగలంతా ఒక వెయ్యి వాట్ల కాయిల్ పొయ్యి వెలిగించి పెట్టినట్టు. ఇక్కడ పిల్లలు చేసే ఒక తప్పు చెబుతాను, నువ్వు చేయకు. తీగ ఓములు 3 అని తెలిసింది కదా అని 400 × 400 ÷ 3 కట్టి యాభై వేల వాట్లు అంటారు. 400 వోల్టులు ఆ తీగ రెండు కొసల మధ్య లేవు. తీగ కొసల మధ్య ఉన్నది 34.6. ఏ రెండు చోట్ల మధ్య వోల్టులు తీసుకున్నావో, ఆ రెండు చోట్ల మధ్య ఉన్నదాని ఓములే తీసుకోవాలి. వైండింగ్ దగ్గర 352ను 5తో భాగించినప్పుడు నీకు తట్టిన చిక్కు కూడా ఇదే.

బోరులోని కేబుల్‌ను కూడా కట్టు. రాగి 2.5 ఎంఎంకు కిలోమీటరుకు దాదాపు అదే 7.4 ఓములు. 400 అడుగులు అంటే 122 మీటర్లు, 0.9 ఓములు. 1.732 × 11.5 × 0.9 × 0.8 = 14 వోల్టులు. అంటే మోటరు దాకా చేరేది 352 కాదు, 338. రేకు మీది 415కు 77 తక్కువ. అందులో 15 లైనుది, 62 మీ రెండు వైర్లవి.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా ఇస్తున్నారు కాబట్టి ఈ 1,190 వాట్లకు మీకు బిల్లు రాదు. అందుకే ఎవరూ గమనించరు. దానికి మీరు కట్టే ధర మోటరు రూపంలో, మే నెలలో వారం రోజులు నీళ్లు లేక రాలిన బత్తాయి పిందెల రూపంలో ఉంటుంది.

ఏం చేయాలి? నా మాట వింటే తర్వాతి అప్పు మోటరు కోసం కాదు, వైరు కోసం చేయండి. 400 మీటర్లకు 16 ఎంఎం అల్యూమినియం వేస్తే కిలోమీటరుకు 1.91 ఓములు, మీ దూరానికి 0.76. మోటరు నడుస్తున్నప్పుడు డబ్బా దగ్గర 390 చుట్టూ ఉంటుంది, ఆంపియర్లు 10 లోపలికి దిగుతాయి. మూడు తీగల వేడి 1,190 నుంచి 220 వాట్లకు పడుతుంది. 16 వేయడానికి చేతకాకపోతే 10 ఎంఎం వేయండి. అయినా సగానికి సగం పైనే తగ్గుతుంది. ఎన్ని అతుకులు తగ్గితే అంత మంచిది. వేళ్లతో మెలితిప్పి టేపు చుట్టిన అతుకు వానకు తుప్పు పట్టి అర ఓము పెరిగినా, 10 ఆంపియర్లకు ఆ ఒక్క అతుకులో 50 వాట్లు. వేలెడంత చోట 50 వాట్ల వేడి! అది నల్లబడి ఒక రోజు తెగిపోతే మోటరు రెండు ఫేజుల మీద నడుస్తుంది. నా షాపుకు వచ్చిన మోటర్లలో అట్లా కాలినవి ఎన్నో ఉన్నాయి. ఒక ఫేజు పోగానే మోటరును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ డబ్బాలో లేకపోతే పెట్టించండి.

డబ్బా దగ్గర కెపాసిటర్ ఉందో లేదో చూడు. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజును ఇట్లా చెబుతారు) ది వాడతారు. అది వెనకబడి వచ్చే ఆంపియర్లలో కొంత తనే ఇస్తుంది కాబట్టి 400 మీటర్ల వైరులో 11.5 కాస్తా 10.3 దగ్గరికి వస్తుంది. కానీ ఒకటి గుర్తుంచుకో: డబ్బా నుంచి కిందికి, మోటరులోకి పోయే ఆంపియర్లను అది నేరుగా తగ్గించదు. పై వైరులో వోల్టేజీ కొంచెం మిగులుతుంది కాబట్టి ఆ మేరకే లాభం. కెపాసిటర్ పెట్టాం కదా, ఇక వైరు ఎందుకు అనుకోవద్దు.

వైరు వచ్చేదాకా ఒక చిన్న ఉపాయం. మోటరు నడుస్తుండగా డెలివరీ పైపు గేట్ వాల్వును నెమ్మదిగా కొంచెం మూస్తూ ఆంపియర్ ముల్లును చూడండి. బోరు పంపుల్లో నీళ్లు తగ్గే కొద్దీ మోటరు మీద బరువు తగ్గుతుంది, ముల్లు దిగుతుంది. 9 దగ్గర ఆపి, రిలే కట్ చేయనంతలో నడుపుకోండి. నీళ్లు తక్కువ వస్తాయి, ఎక్కువసేపు పారించండి. చుట్టుపక్కల మోటర్లు అన్నీ ఒకేసారి నడవని వేళ, తెల్లవారాక పొద్దున్నే, వోల్టేజీ కూడా బాగుంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ సంగతి కూడా లెక్క కట్టి పెట్టుకో. గద్దె మీద 25 కేవీఏ (అంటే 25,000 వోల్ట్-ఆంపియర్లు) అని ఉంటే 25,000 ÷ (1.732 × 415) = ఒక్కో ఫేజుకు దాదాపు 35 ఆంపియర్లు. 9 ఆంపియర్ల మోటర్లు మూడు హాయిగా, నాలుగు అతికష్టం మీద. దాని మీద ఆరు మోటర్లు ఉంటే మోటరు ఆపి ఉన్నప్పుడు కూడా మీకు 400 రాదు. అప్పుడు 1912కు ఫోన్ చేసి, ఈ లెక్కే రాసి డిస్కం సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి. ‘లో వోల్టేజీ ఉంది సార్’ అనే మాట కంటే అంకెలు రాసిన కాగితానికి బరువెక్కువ.

ఎంపీసీ చదువుతున్నావు కాబట్టి ఒకటి చెప్పాలనిపిస్తోంది. మీకు దగ్గర్లోనే ఉన్న నాగార్జునసాగర్ విద్యుత్ కేంద్రంలో ఒక్కో పెద్ద యంత్రం వంద మెగావాట్ల పైమాటే. ఆ వంద మెగావాట్లను మీ మోటరు వోల్టేజీ అయిన 415లోనే పంపాలంటే, పవర్ ఫ్యాక్టర్ పక్కన పెట్టినా, ఒక్కో తీగలో దాదాపు 1,39,000 ఆంపియర్లు పోవాలి. అదే 2 లక్షల 20 వేల వోల్టులకు పెంచితే 262 ఆంపియర్లు చాలు. ఊళ్ల మీదుగా పోయే ఆ ఎత్తైన టవర్లు నిలబడింది ఈ హెచ్చవేత మీదే. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి పొడుగు లైన్లు లాగే బదులు, 11 వేల వోల్టుల లైనును బోర్ల దగ్గర దాకా తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టడం కూడా ఇందుకే. మీ 400 మీటర్లు తగ్గితే మీ 3 ఓములు తగ్గుతాయి.

చివరగా, ఇది నా బిడ్డకు చెప్పినట్టే చెబుతున్నా. డబ్బా మీది మీటర్లు చూడు, రాసుకో. డబ్బా తెరవకు. ఓముల మీద పెట్టిన మల్టీమీటరును సప్లై ఉన్న వైరుకు ఎప్పుడూ తగిలించకు. ఆంపియర్ల మీద పెట్టిన మీటరును రెండు ఫేజుల మధ్య పెట్టకు. దానికి ఓములు దాదాపు లేవు, చేతిలోనే పేలుతుంది. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓముల చుట్టూ అనుకుంటే 230 ÷ 1000 = 0.23 ఆంపియరు. ఇళ్లలో మనుషుల ప్రాణం కాపాడటానికి పెట్టే బ్రేకరు 0.03 ఆంపియరుకే సప్లై కట్ చేసేలా చేస్తారు. దానికి ఏడింతలు ఎక్కువన్నమాట! తడి మడిలో చెప్పుల్లేకుండా నిలబడి, ఎర్తింగ్ లేని ఇనుప డబ్బాను తాకిన రైతుకు జరిగేది ఈ భాగహారమే. మీ డబ్బాకు ఎర్త్ వైరు ఉందా? ఉంటే అది భూమిలో దేనికి కలిసి ఉంది? రిలే తిప్పడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌తోనే అది కూడా చూపించండి.

కొత్త వైరు వేశాక మోటరు ఆపి ఒకసారి, వేసి ఒకసారి వోల్టులు, దాంతోపాటు ఆంపియర్లు రాసి పంపు. నువ్వే 1.732తో, 0.8తో, ఆంపియర్లతో భాగించి ఓములు కట్టు. 0.76కు దగ్గరగా వస్తే షాపువాడు నిజంగా 16 ఎంఎం వైరే ఇచ్చాడు. ఒకటి దాటితే ఆ వైరు చుట్ట ముక్క ఒకటి, బిల్లు పట్టుకుని మళ్లీ షాపుకు పోండి.